గాలి తీసేస్తే వినిపించిన మాట

కావలి ట్రంకు రోడ్డులో మందుల షాపు పైన రెండు గదులు డెబోరా వీడియో స్టూడియో. పద్దెనిమిదేళ్లుగా ఎన్నో పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, చర్చి కన్వెన్షన్లు ఆ గదుల్లోకి ముద్దగా వచ్చి, ఆమె చేతిలో ఒక వరసకు వచ్చి బయటికి వెళ్లాయి. ఆమెకు నలభై రెండేళ్లు. పెళ్లి ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు "ఇన్ని పెళ్లిళ్లు చూసినాక మళ్లీ ఒకటెందుకు లెండి" అని నవ్వేసేది. పెళ్లి ముహూర్తాలు లేని నెలల్లో తన కోసం డాక్యుమెంటరీలు తీసేది. మూడు పూర్తి చేసింది. నాలుగోది మూడేళ్లుగా పాత కంప్యూటర్‌లో సగంలో ఆగిపోయి ఉంది.

అది తుమ్మలపెంట తీరంలో, ఒడ్డున నిలబడి పెద్ద వల లాగే మనుషుల మీద తీసిన సినిమా. దానికి కెమెరా పట్టినవాడు పెంచల్. చిట్టమూరు వైపు వరి పండించుకునే ఇంటి పిల్లవాడు. పాతికేళ్ల వయసులో పెళ్లి లైట్లు మోయడానికి వచ్చి, తొమ్మిదేళ్లు ఆమె దగ్గరే ఉండిపోయాడు. ఎవరి ముఖాన్ని ఏ పక్క నుంచి తియ్యాలో అతనికి చెప్పనక్కర్లేదు. కెమెరా భుజాన పెట్టుకుంటే ఊపిరి కూడా మెల్లగా తీసేవాడు.

ఆ సినిమా తీస్తూనే అతను పోయాడు. పొద్దున ఆరున్నర. సూర్యుడు సముద్రం మీదికి జానెడు లేచాడు. పెంచల్ నడుము లోతు నీళ్లలో నిలబడి, వల లాగుతున్నవాళ్లను సముద్రం వైపు నుంచి తీస్తున్నాడు. ఒడ్డున ఇంకో కెమెరాను స్టాండు మీద పెట్టి, ఆన్ చేసి వదిలేసి, డెబోరా నీళ్ల అంచుకు పోయి నిలబడింది. ఒక అల వచ్చి వెళ్లింది. దాని వెనక వచ్చింది పెద్దది. అది వెనక్కి పోతూ అతని కాళ్ల కింద ఇసుకను లాగేసింది. వల మనుషులు తాళ్లు వదిలేసి దూకారు. పావుగంటకు తీసుకొచ్చారు. కెమెరా దొరకలేదు. మనిషి దొరికాడు గానీ ఊపిరి దొరకలేదు.

పోలీసులు అడిగితే డెబోరా జరిగింది చెప్పింది. పెంచల్ భార్య చెంచులక్ష్మికీ అదే చెప్పింది. "చాలు వచ్చెయ్యమన్నా. వాడే చెయ్యెత్తి 'ఇంకొక్కటక్కా' అన్నాడు." అబద్ధం చెప్తున్నానని ఆమె అనుకోలేదు. ఆ చెయ్యి ఆమె కళ్లకు కట్టినట్టు ఉంది. ఆ మాట కూడా అలాగే చెవుల్లో ఉంది.

ఈ ఏడాది వేసవిలో బెంగుళూరులో డాక్యుమెంటరీలు చూపించేవాళ్లు పాత ముక్కలు కొన్ని చూసి, సినిమా పూర్తి చేసి పంపమన్నారు. పాత కంప్యూటర్‌లోని పాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లడిగిన తీరులో ఫైలు ఇవ్వలేదు. పైగా అరగంటకోసారి బిగుసుకుపోతోంది. ఒకప్పుడు తన దగ్గర పని నేర్చుకుని, ఇప్పుడు హైదరాబాదులో సీరియళ్లు ఎడిట్ చేస్తున్న సుప్రియకు ఫోన్ చేసింది.

"అక్కా, ఇంకా దాంట్లోనే చేస్తా ఉండావా! మూడు పేర్లు పంపిస్తా. మూడూ ట్రయల్‌కి ఇస్తారు. వాళ్లు చెప్పే గొప్పలు నమ్మబాక. నీ దగ్గరున్న క్లిప్పుల్లో బాగా తిప్పలు పెట్టేది ఒకటి తీసుకుని మూడింట్లోనూ వేసి చూడు. ఏది నీ మాట వింటుందో అదే నీది."

తిప్పలు పెట్టే క్లిప్పు అనగానే చెయ్యి దానంతటదే ఆ రోజు ఫోల్డరు మీదికి పోయింది. ఒడ్డున స్టాండు మీదున్న కెమెరా తీసిన నాలుగు నిమిషాల క్లిప్పు అది. ఎదురు ఎండ, గాలికి స్టాండు వణుకు, చెవులు చిల్లులు పడే హోరు, అన్నీ అందులో ఉన్నాయి, అందుకే దాన్ని ఎంచుకున్నానని తనకు తాను చెప్పుకుంది. మూడేళ్లలో దాన్ని ఎన్నిసార్లు చూసిందో లెక్క లేదు. గాలి హోరు తప్ప అందులో ఏమీ వినిపించదని ఆమెకు తెలుసు.

మొదటిది నెలనెలా చందా కట్టి వాడుకునేది. ముందు వణుకు తగ్గించి చూసింది. బొమ్మ కుదురుకుంది. సముద్రం పళ్లెంలో నీళ్లలా నిలబడింది. ఏ ఆపదా రాబోనట్టు పెంచల్ నడుము లోతులో నిలబడి ఉన్నాడు. ఆ కుదురు చూడలేక దాన్ని తీసేసి, గాలి చప్పుడు తగ్గించి గొంతును మాత్రమే పట్టుకునే మీట నొక్కింది.

హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. హెడ్‌ఫోన్‌లో నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి, డబ్బాలో ఎవరో మాట్లాడినట్టు పెంచల్ గొంతు.

"చాలక్కా. కాళ్ల కింద నిలవడంలా. వచ్చేస్తా."

ఆ వెంటనే ఆడగొంతు. తనదే.

"ఇంకొక్కటి పెంచల్! ఎండ ఎక్కేస్తా ఉంది, ఒక్కటే!"

తెర మీద అతను చెయ్యెత్తాడు. అది అడిగే చెయ్యి కాదు. సరేనన్న చెయ్యి.

డెబోరా హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. కింద మందుల షాపులో ఎవరో చిల్లర కోసం గొడవపడుతున్నారు. మళ్లీ పెట్టుకుని వింది. యంత్రం ఏదో కల్పించి ఉంటుందని అనుకుంది. ఈ కొత్తవి లేనివి కూడా పుట్టిస్తాయని సుప్రియే ఒకసారి చెప్పింది. రెండోది, రంగులు దిద్దడంలో పేరున్నది, తెరిచి అదే క్లిప్పు వేసింది. అందులో గొంతు కాస్త బొంగురుగా వచ్చింది. మాటలు అవే.

మూడోదాంట్లో ఏమీ రాలేదు. గాలి తగ్గింది, దానితో పాటు ఏ మాటో తెలియని రెండు మూలుగులు మిగిలాయి, అంతే. మిగతా విషయాల్లో అది ఆమె కోసమే చేసినట్టుంది. పాత కంప్యూటర్‌లోనూ తేలిగ్గా నడిచింది. మూడేళ్ల కిందట ఆపిన టైమ్‌లైన్‌ను, అతికిన ముక్కల వరసనంతా, ఒక్క ముక్క చెదరకుండా తెరిచింది. చందా గొడవ లేదు.

ఆమె మూడోదాన్ని కొంది. మిగిలిన రెండూ కంప్యూటర్‌లోంచి తీసేసి, సుప్రియకు ఫోన్ చేసి చెప్పింది కూడా. "పాత పనంతా తెరుచుకుంటా ఉంది. ఇదే బాగుంది."

మూడు రోజులు పని చకచకా సాగింది. నాలుగో రోజు ఒక పెళ్లి వీడియోలో తాళి కట్టే చోట మేళం తగ్గించబోతే, చెయ్యి మీట మీదే ఆగిపోయింది. మేళం కింద ఎవరి మాట దాగి ఉందో. ఆదివారం చర్చిలో పాస్టరు గారు మౌన ప్రార్థన చేద్దామన్నారు. అందరూ తలలు వంచారు. ఆ నిశ్శబ్దం హెడ్‌ఫోన్‌లో విన్న నిశ్శబ్దం లాగే ఉంది. డెబోరా ప్రార్థన మధ్యలోనే లేచి, చెప్పులేసుకుని, ఆటో ఎక్కి తుమ్మలపెంట పోయింది.

పోలేరయ్య ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. ఆ రోజు తాడు పట్టినవాళ్లలో ముందున్నవాడు, పెంచల్‌ను మొదట అందుకున్నవాడు ఆయనే.

"పోలేరయ్యా, ఆ పొద్దు పెంచల్ ఏమన్నాడో నీకు వినపడిందా?"

ఆయన వల మీంచి తలెత్తలేదు. "వినపడిందమ్మా."

"నేనన్నది?"

"అదీ వినపడింది. నువ్వు పోలీసోళ్లతో ఇంకోరకంగా చెప్తా ఉంటే, పాపం తట్టుకోలేక అంటా ఉండావులే అనుకున్నాం. పోయినోడు పోయినాడు, ఉన్నామెను గుచ్చేదెందుకని నోరు మెదపలా."

మూడేళ్లుగా ఆ ఒడ్డున అందరూ ఎరిగిన సంగతి. తనకు టీ ఇచ్చినవాళ్లు, కూర్చోమని చాప వేసినవాళ్లు, అందరూ ఎరిగే ఇచ్చారు.

స్టూడియోకు వచ్చి, ఆ మాటలు వినిపించిన మొదటి సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఆ రెండు మాటలూ, అసలు క్లిప్పూ ఫోన్‌లోకి తీసుకుని, మర్నాడు నెల్లూరు పోయి, అక్కడ ఆత్మకూరు బస్సెక్కి సంగంలో దిగింది. పెంచల్ పోయాక చెంచులక్ష్మి పుట్టిల్లయిన ఆ ఊరికే వచ్చేసింది. అన్నతో కలిసి వరి పండిస్తోంది. డెబోరా పోయేసరికి కళ్లంలో వడ్లు తిరగేస్తోంది.

"ఏందక్కా, చెప్పకుండా వచ్చినావు?"

"నీకొకటి వినిపించాల. విన్నాక నన్ను ఏమన్నా పడతా."

చెంచులక్ష్మి చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. ఒకసారి వింది. ఇంకోసారి పెట్టమంది. మూడోసారి వింటుంటే ముఖం చిట్లించింది.

"సముద్రం ఏదక్కా? సముద్రం లేకుండా ఈయన గొంతు యాడో గదిలో పెట్టి తలుపేసినట్టుండాది."

డెబోరా గాలిని తీసేయని అసలు క్లిప్పు పెట్టింది. హోరులో ఇప్పుడా మాటలు ఇద్దరికీ వినిపించాయి. ఒకసారి తెలిశాక ఇక వినిపించకుండా పోవు.

చెంచులక్ష్మి వడ్ల పక్కన చతికిలబడింది. "మూడేండ్లు ఆయన్ని తిట్టుకున్నానక్కా. ఒక్క బొమ్మ కోసం నన్నొదిలేసి పోయినాడే, నేనంత అలుసై పోయినానా అని. ఆయన ఫొటోకు దీపం పెట్టిన పొద్దు గూడా తిట్టుకున్నా. వచ్చేస్తానన్నాడంటే ఆయన..." ఫోన్ డెబోరా చేతిలో పెట్టేసింది. "నువ్వు నా చేత తిట్టించినావు."

"అవును."

"పో అక్కా. ఇప్పుడు పో."

డెబోరా వచ్చేసింది. ఇరవై రోజులు సినిమా ముట్టుకోలేదు. బెంగుళూరు వాళ్లకు సినిమా పంపలేనని రాసేద్దామనుకుంటున్న రోజున, మధ్యాహ్నం పూట చెంచులక్ష్మి నుంచి ఫోన్ వచ్చింది. పలకరింపు లేదు.

"ఆయన మాట సినిమాలో పెట్టు. నీ మాటా పెట్టు. రెండూ ఉండాల. సముద్రం గూడా."

అంతే. పెట్టేసింది.

డెబోరా మూడోదాన్ని పక్కనపెట్టి మొదటిదానిలో సినిమా పూర్తి చేసింది. పాత టైమ్‌లైన్ అందులో సరిగ్గా తెరుచుకోక, ప్రతి అతుకూ చేత్తో మళ్లీ వేసుకోవాల్సి వచ్చింది. నెలన్నర పట్టింది. ఆ నాలుగు నిమిషాల దగ్గర గాలిని పూర్తిగా తియ్యలేదు, మాట అందేంత మేరకే తగ్గించింది. తన గొంతు వచ్చినప్పుడు తెర మీద తన పేరు వేసింది.

బెంగుళూరులో చూసినవాళ్లు చాలామంది ఆమె పక్కనుంచే వెళ్లిపోయారు. ఒక పెద్దామె మాత్రం చెయ్యి పట్టుకుని వదిలేసి వెళ్లింది. తర్వాత తుమ్మలపెంటలో, బడి వరండాలో తెర కట్టి చూపించారు. చెంచులక్ష్మి వచ్చింది. పోలేరయ్య భార్య పక్కన కూర్చుంది. పెంచల్ గొంతు వచ్చినప్పుడు కళ్లు మూసుకుంది, డెబోరా గొంతు వచ్చినప్పుడు తెరిచింది. అయిపోగానే లేచి బస్సుకు నడిచింది. డెబోరా స్టాపు దాకా వెనకే పోయింది, పిలవలేదు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, చెంచులక్ష్మి ఒకసారి ఇటు తిరిగి చూసింది. ఆ చూపులో ఏముందో డెబోరాకు ఇప్పటికీ తెలియదు.

పెళ్లి వీడియోలు ఇంకా చేస్తూనే ఉంది. కొత్త కెమెరామన్ ఉన్నాడు. అతను "చాలా మేడమ్?" అని అడిగితే, సగం షాట్ మిగిలి ఉన్నా సరే, చాలనే అంటుంది.