మా బడిలో ఓటు పెట్టిన రోజు

గురువారం పొద్దున, పదకొండున్నర. ఐదో తరగతి గది. వంట దగ్గరి నుంచి పప్పు పోపు వాసన వస్తోంది. ముసలిదాన్ని, ఆ గదిలో నాకేం పని అంటారేమో, ముందు అది చెప్పాలి.

నా బిడ్డ కూతురికి పుట్టినప్పటి నుంచీ కాళ్లలో బలం లేదు. బిడ్డ, అల్లుడు కూలికి పోతారు. ఒకటో తరగతి నుంచీ పిల్లను చంకనెత్తుకుని బడికి తెచ్చింది నేనే. పొద్దంతా తలుపు పక్కన కూర్చునేదాన్ని. ఊరికే కూర్చోలేక ఆ పిల్లలతో పాటే పలక మీద దిద్దాను. నాకు అక్షరాలు అట్లా వచ్చాయి, ఎవరో దయతలచి నేర్పింది కాదు. తరవాత చక్రాల కుర్చీ ఇచ్చారు. ఎత్తుకోవడం తప్పింది, తలుపు పక్కన కాపలా తప్పలేదు.

ఆ మధ్య మా సారును సర్కారు విదేశానికి పంపింది. అక్కడి బడులు చూసొచ్చి ఆయన ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు: అక్కడ ఏ పిల్లనూ పక్కకు పెట్టరు, పిల్లల సంగతులు పిల్లలే తేల్చుకుంటారు. చెడ్డవాడు కాదు. వచ్చీ రాగానే బెంచీలు తీయించి అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టాడు. వెనక గోడ దగ్గరుండే నా మనుమరాలి కుర్చీ అందరి మధ్యకు వచ్చింది. ఆ రోజు నేనూ సంబరపడ్డాను.

ఈ గురువారం నాటి సంగతి, పిక్నిక్కుకు ఎక్కడికి పోవాలనేది. నా మనుమరాలు అప్పటికే ఆకుపచ్చ గౌను తీసి పెట్టుకుంది.

సారు లేచి నిలబడ్డాడు. "చంద్లాపూర్ రిజర్వాయర్‌కు పోతె బస్సుల పోవాలె. బస్సుల చక్రాల కుర్చీ పట్టది, దిగినంక శాన దూరం నడవాలె. మన కోమటి చెరువు అయితే అందరం పోవచ్చు. ఇగ మీరే తేల్చుండ్రి."

"కోమటి చెరువా! మా బాపు దినాం గాడనే వాకింగ్ చేస్తడు సార్!" అన్నాడొకడు.

"చంద్లాపూర్‌ల సముద్రం లెక్క ఉంటదట సార్!" అన్నాడు ఇంకొకడు.

"నువ్వెప్పుడు చూసినవ్‌ రా సముద్రం?"

"టీవీల!"

అందరూ నవ్వారు. నా మనుమరాలూ నవ్వింది.

"చంద్లాపూర్‌కు ఎవరెవరు? చేతులు లేపుండ్రి."

లేచాయి. నా మనుమరాలి పక్కన కూర్చునే పిల్ల, రోజూ నా డబ్బాలో గారెలు తినే పిల్ల, ఒకసారి దాని వైపు చూసి, తల దించుకుని లేపింది. గుండ్రంగా కూర్చుంటే ఎవరి చేయి లేవలేదో అందరికీ కనిపిస్తుంది. చూపులన్నీ తిరిగి తిరిగి నా మనుమరాలి మీద ఆగాయి. అదీ లేపింది.

సారు మొఖం వెలిగిపోయింది. "చూసిన్రా! నలుగురి కోసం ఆలోచించుడంటె గిది. చప్పట్లు కొట్టుండ్రి!"

కొట్టారు.

నేను లేచాను. "సారూ, మీరు పోయొచ్చిన దేశంల, నడవరాని పిల్లను తోల్కపోవాలెనా వద్దా అని తోటి పిల్లలను అడుగుతరా?"

"అట్ల కాదమ్మా, మనం అడిగింది జాగ గురించి."

"జాగ పేరు జెప్పి పిల్లనే అడిగిన్రు. నేను చంకనేసుకొని బస్సెక్కుత, పోనియ్యిండ్రి."

"పిల్ల పెద్దగైంది, మీకు మోకాళ్ల నొప్పులాయె. కింద పడితె జవాబెవరు చెప్పాలె? ఆమెనే ఒప్పుకున్నది గదమ్మా, అందరి ముందట."

"అమ్మమ్మా, ఊకో," అంది నా మనుమరాలు. మళ్లీ తలుపు పక్కన కూర్చున్నాను.

ఇంటికి పోతూ అడిగాను. "ఎందుకు లేపినవే?"

"లేపకుంటె నా ఒక్కదాని కోసమే చెరువుకు పోయినమని ఏడాదంత అంటరు." కొంత దూరం పోయాక అంది, "గా గౌను చెల్లెకియ్యి."

ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లను రాసి పెడుతున్నాను. పేర్లు వద్దు, ఎవరిది వాళ్లకే తెలుస్తుంది. సముద్రం టీవీలో చూసిన పిల్లవాడు. తండ్రి చెరువు చుట్టూ తిరిగే పిల్లవాడు. నా చేతి గారెలు తిన్న పిల్ల. మిగిలిన ఐదో తరగతి అంతా. విదేశం చూసొచ్చిన సారు. కుర్చీలో నా మనుమరాలు. తలుపు పక్కన నేను. చేయి లేపనిది ఇద్దరమే, సారూ నేనూ. సారు చేతులు లెక్కపెడుతున్నాడు. నన్నెవరూ అడగలేదు.