రాడ్కో బాబాయ్ పట్టుకొచ్చిన ప్రాసెసర్

స్మోల్యన్ పట్నం నుంచి కొండ ఊళ్లకు బస్సు నడిపిన రాడ్కో చౌషెవ్‌తో వాదించి గెలిచినవాళ్లను నేనింతవరకు చూడలేదు. ఆయన భార్య సెవ్దా ఆ ప్రయత్నం ఎప్పుడో మానేసింది. కంప్యూటర్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్న పాపానికి ఆ పని నా నెత్తిన పడింది.

బస్సు నడపడం మానేశాక ఆయనకు పాటల పిచ్చి పట్టుకుంది. ఏ ఊళ్లో ఏ ముసలమ్మ ఏ పాట పాడుతుందో స్టీరింగు ముందు కూర్చున్న రోజుల్లోనే తెలుసుకున్నాడు. వాళ్ల పాటలు రికార్డు చేయాలి, వెనకాల వినిపించే కోళ్ల గోలా గాలి హోరూ పాడుతుండగానే తీసేయాలి, శుభ్రమైన పాటను వాళ్లకు అక్కడే వినిపించాలి. మంచి కోరికే. కాకపోతే అందుకు కావలసిన కంప్యూటరు తను మెడకు తగిలించుకుని వాయించే అకార్డియన్ పెట్టెలో పట్టాలన్నాడు. అకార్డియన్‌ను తీసి కుర్చీలో కూర్చోబెట్టాడు.

ఆ పెట్టెలో పట్టే చిన్న మదర్‌బోర్డు నేనే తెప్పించి ఇచ్చాను. దానికి తగిన ప్రాసెసర్ ఏదో కూడా చెప్పాను. ఆయన ప్లోవ్‌దివ్ నగరం వెళ్లి, మూతపడిన కంప్యూటర్ ఆటల కేంద్రం వాళ్ల దగ్గర, ఆ రకం ప్రాసెసర్లలోకెల్లా పెద్దది పట్టుకొచ్చాడు.

“ఇది వద్దు బాబాయ్.”

“ఎందుకొద్దే మిల్కా? చూడు, సాకెట్‌లో ఎంత చక్కగా కూర్చుందో.”

కూర్చోవడం వేరు, కడుపునిండా కరెంటు అందడం వేరని చెప్పాను. సాకెట్ పక్కనున్న నల్లటి చిన్న బిళ్లలు చూపించాను. ప్రాసెసర్‌కు కరెంటు అందించేవి అవే. ఈ బోర్డులో అవి కొన్నే ఉన్నాయి, వాటి మీద వేడి లాగేసే రేకు కూడా లేదు. అరవై అయిదు వాట్ల ప్రాసెసర్‌నైతే హాయిగా మోస్తాయి. ఆయన తెచ్చింది మామూలుగానే నూట పాతిక వాట్లు అడుగుతుంది, పని ఎక్కువైతే దాదాపు రెట్టింపు లాగుతుంది.

“ముప్ఫై మంది పట్టే బస్సులో అరవై మందిని ఎక్కించినవాణ్ణి నేను,” అన్నాడు.

“ఎత్తు వచ్చిన చోటల్లా సగం మందిని దింపి నడిపించింది కూడా నువ్వేగా. ఆ సగంలో నేనూ ఉన్నాను.”

ఆయన ప్రాసెసర్ జేబులో పెట్టుకుని వెళ్లి, ఇంట్లో తనే బిగించుకున్నాడు. అది పనిచేసింది. చేయక ఏం చేస్తుంది? వంటింట్లో చల్లగా కూర్చోబెట్టి, సెవ్దా దగ్గును రికార్డు చేయడానికి దానికి కష్టమేముంది? నా ఓటమికి గుర్తుగా ఒక పళ్లెం బంగాళాదుంప రొట్టె పంపించాడు. రొట్టె బాగుంది. అది ఇంకా మంట.

జూలైలో ఆ పెట్టె మోసుకుని స్టామెనా అవ్వ ఇంటికి వెళ్లాడు. తొంభై దాటిన మనిషి. వధువును మంచుదారిన తీసుకెళ్లే పాట ఒకటి ఆమెకు తప్ప ఇంకెవరికీ పూర్తిగా రాదు. ఎన్నేళ్లుగానో అడిగితే ఆ రోజు ఒప్పుకుంది. మూడో చరణంలో కంప్యూటరు టక్కున ఆరిపోయింది. అవ్వ కళ్లు మూసుకుని చివరిదాకా పాడింది. ఈయన పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆమెను ఆపే ధైర్యం లేక, అలా వింటూ ఉండిపోయాడట.

మర్నాడు పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టి, నువ్విచ్చిన బోర్డు నాసిరకం అన్నాడు. విప్పి చూశాను. కోళ్ల గోల తీసేసే పని బరువుకు బిళ్లలు వేడెక్కి, వాటి దగ్గర బోర్డు గోధుమరంగుకు మాడింది. ఇంకా ప్రాణముంది, అదృష్టం.

ప్రాసెసర్ అరవై అయిదు వాట్లు మించి లాగకుండా కట్టడి చేస్తానన్నాను. గుర్రం కాళ్లు కట్టేసినట్టు అన్నాడు. పోనీ చిన్నది పెడతానన్నాను. గాడిదనెక్కించినట్టు అన్నాడు. పెద్ద బోర్డు కొనుక్కోమంటే అది పెట్టెలో పట్టదు. పెట్టె మార్చమంటే, ఆ పెట్టెతో ముప్ఫై ఏళ్లు పెళ్లిళ్లకు తిరిగానని కథ ఎత్తుకున్నాడు. ఆ వారమంతా ఇదే. చివరికి సెవ్దా కొట్టుకొచ్చి, “ఆయన్ని అడక్కమ్మా, చిన్నది పెట్టెయ్,” అంది. పెట్టేశాను. నా కొట్టులోని కంప్యూటరుకున్న అరవై అయిదు వాట్ల ప్రాసెసర్ తీసి అందులో బిగించి, ఆయనదాన్ని నా పెద్ద బోర్డులో పెట్టుకున్నాను.

ఈసారి నన్నూ వెంట రమ్మన్నాడు, మళ్లీ ఆరిపోతే తిట్టడానికి ఎదురుగా ఒక మనిషి ఉండాలిగా. స్టామెనా అవ్వ తలుపు తీసి, విషయం విని, కదల్లేదు.

“పాడాను కదరా రాడ్కో. నువ్వు వినలేదా?”

“నేను విన్నానవ్వా. మిషను వినలేదు.”

“విన్నావుగా. అయితే నువ్వే పాడు దానికి.”

చేసేదిలేక పాడాడు. ఆయన గొంతు బ్రేకు వేసినప్పటి బస్సే. రెండో పాదంలోనే అవ్వ కర్ర నేలకేసి కొట్టి, అది వధువు కాదురా, మరదలు అంది. మళ్లీ మొదలెట్టాడు. మళ్లీ తప్పు. మూడో తప్పుకు విసుగెత్తి, నోరుమూసుకోమని చెప్పి, తనే అందుకుంది. మంచుదారి దాటి, అత్తగారి గడప ఎక్కేదాకా ఒక్క ఊపులో పాడింది. నేను పెట్టె మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. గోరువెచ్చగా ఉంది, అంతే.

పాట వినిపించాం. కోళ్లు లేవు, గాలి లేదు. రాడ్కో బాబాయ్ తప్పులూ, అవ్వ తిట్లూ అన్నీ ఉన్నాయి. ఆ ముక్క కోసేస్తానని ఆయనన్నాడు. వీల్లేదని అవ్వ అంది, మళ్లీ వినిపించమంది.

తిరిగి వస్తూ మలుపుల్లో బాబాయే బండి నడిపాడు. ఒక్క మెచ్చుకోలు మాటైనా వస్తుందేమోనని ఎదురుచూశాను.

“ఆ పెద్ద ప్రాసెసరైతే ఇంకా తొందరగా అయ్యేది,” అన్నాడు.

కిటికీ దించి, కొండవైపు చూస్తూ కూర్చున్నాను.