మడితోటలో జరీ ఆకు

బాగేపల్లి పక్కనున్న మా ఊరినుంచి చింతామణి దాకా ఒక గులాబి కుండీని ఊరేగించి తీసుకొచ్చిన వైనం ఇది. మా ఊరి దేవుడికి కూడా అంత దూరం ఊరేగింపు జరగలేదు.

మా వదిన గంగమ్మ పెంచే గులాబీలే మా గుడికి పోతాయి. పోయినేడు చింతామణినుంచి తెప్పించిన అంటుమొక్కలు ఈసారి చిగురేసేసరికి ఆకులనిండా పసుపు గీతలు, చిన్నపిల్ల ముగ్గేసినట్టు వంకర టింకరగా. గుడి వ్యవహారం కూడా చూసే మా ఊరి కరణం, శ్యానభోగులు, ఒక ఆకు తుంచి, ఎండకు పట్టి చూసి తేల్చేశారు. "ముట్టులో ఉండే ఆడది తాకింది!" పూలచెట్టుకు జబ్బు చేస్తే మా సీమలో ముద్దాయి ఆ ఇంటి ఆడదే. సాక్షులు అక్కర్లేదు. చెట్లన్నీ పీకేసి, పుణ్యాహం చేయించి, వదిన తోటలో అడుగు పెట్టనంటేనే మళ్ళీ పూలు తీసుకుంటామన్నారు.

మా అన్న తల దించుకుని గడ్డపార వెతకబోయాడు. అప్పటికే వదిన దానిమీద కూర్చుని ఉంది.

"పక్కనే నాటు గులాబి ఏ గీతా లేకుండా ఉండాది. దాన్నీ నేనే తాకినా. నా ముట్టేమన్నా ఊరుపేరు అడిగి చింతామణి చెట్లకే అంటుకుంటాదా?" అంది. "అంటు కట్టినోడినే అడగాల. మరిదీ, బయల్దేరు."

చూసింది రాసుకునే పిచ్చి ఉన్నా, నేను మూడో క్లాసులోనే బడికి దండం పెట్టినవాణ్ణి. తోడు పోవడానికి చదువెందుకని బయల్దేరాను. జబ్బు మొక్కను, దానికున్న ఒకే ఒక్క మొగ్గతో సహా, కుండీలో పెట్టి వదిన తనే ఎత్తుకుంది. సంచి నాకిచ్చింది.

బాగేపల్లిలో బస్సు పొద్దున ఆరింటికి. అంటే ఆరింటికి బొగ్గుల పొయ్యి అంటిస్తారు. యుద్ధం పుణ్యమా అని పెట్రోలు కనబడక బస్సులన్నీ బొగ్గు గ్యాసుతోనే నడుస్తున్నాయి. పొయ్యి రాజుకుని, బస్సు దగ్గి, మేము కదిలేసరికి ఏడున్నర. కండక్టరు కుండీకి అర టికెట్టు అన్నాడు.

"ఒళ్ళో బిడ్డకి టికెట్టు యాడన్నా ఉంటాదాప్పా?" అంది వదిన.

"బిడ్డకి ఆకులుంటాయామ్మా?"

"జబ్బు బిడ్డ. పచ్చకామెర్లు." బస్సంతా నవ్వింది. అర టికెట్టు ఎగిరిపోయింది.

పక్క సీటు ముసలమ్మ మాత్రం నవ్వలేదు. ఆకు చూసి, కొంగు దగ్గరికి లాక్కుని, "బయట చేరినోళ్ళు తాకినట్టుండారు," అని జరిగి కూర్చుంది. వదిన కుండీని ఇంకా గట్టిగా పట్టుకుంది, మాట్లాడలేదు. నాకు ఆశ్చర్యమేసింది. మా వదిన నోరు మూసుకోవడం గ్రహణం లాంటిది, ఎప్పుడో గాని రాదు.

పేరేసంద్ర దాటాక ఎగువ దారి. బస్సు మొరాయిస్తే మగవాళ్ళందరం దిగి తోశాం. ఈ దారిన వచ్చేవాళ్ళు గట్టి చెప్పులు వేసుకుని రండి. టికెట్టు కొనేది కూర్చోవడానికి మాత్రమే కాదు.

చిక్కబళ్ళాపురంలో దిగేసరికి పది దాటింది. స్టేషను ముందు ఇడ్లీ తిన్నాం. చట్నీ నీళ్ళలా ఉంది, నీళ్ళు చట్నీలా ఉన్నాయి. తర్వాత చిన్న రైలు. అది ఎంత తొందరపడినా పక్క చేలో మేకలు తల ఎత్తవు. శిడ్లఘట్టలో ఒకామె పట్టుగూళ్ళ గంపతో ఎక్కింది. జంగమకోటె ఆమె. మా కథ విని గంప మీద చెయ్యేసి అంది: "మా ఇంట్లో పట్టుపురుగు చచ్చినా నా మీదికే వస్తారమ్మా. అన్ని మేపినా నా పేరెత్తరు, ఒకటి చస్తే నా పేరే." ఇద్దరూ కలిసి నవ్విన నవ్వుకు పెట్టెలో మగవాళ్ళందరూ కిటికీలోంచి బయటికి చూశారు. నేను కూడా.

చింతామణిలో తోట కనుక్కోవడం కష్టం కాలేదు. అంటు కట్టే మునివెంకటప్ప అంటే చిన్నపిల్లలు కూడా దారి చూపారు. ఎత్తయిన కంచె, చిన్న తడిక. వదిన అడుగు పెట్టబోతే ఆయన లోపలినుంచే అరిచాడు.

"అమ్మా, యాడికి? ఆడోళ్ళు రాకూడదు. దేవుడి పూలతోట. మా అమ్మనే ఒక్కనాడూ రానీలేదు నేను!"

వదిన ఆగింది. నేను రోషపడబోతే చెయ్యి పట్టుకుంది. ఆమె ముఖంలో కోపం లేదు. పిల్లికి పాలకుండ కనబడినట్టుంది.

"నేను రానప్పా. ఇంత మడి తోటని నేనెందుకు చెరుపుతా? మా మరిది వస్తాడు. ఈ మొక్కకి కన్ను తీసిన తల్లి చెట్టు యాడుందో చూపించు, చాలు."

మునివెంకటప్ప పొంగిపోయి నన్ను తీసుకుపోయాడు. గులాబీకి అంటు అంటే కొమ్మ మీది ఒక కన్నును చెక్కి, ఇంకో మొక్క బెరడులో దూర్చి కట్టడమే. ఆయన కన్నులు తీసే తల్లి చెట్టు తోట నడిమధ్య ఉంది. దాని ప్రతి ఆకు మీదా అవే పసుపు గీతలు!

"ఎట్లుండాది?" అన్నాడు ఆయన మీసం దువ్వుతూ. "జరీ గులాబి! పట్టుచీర అంచు మాదిరి లేదూ? ఈ ఆకు చూసే జనాలు ఎగబడతాండారు. బెంగళూరునుంచి తోటల ఆఫీసరు ఒకాయన వచ్చి, ఇది మొజాయిక్ అనే జబ్బు, కన్నుతో పాటే కొత్త మొక్కకీ ఎక్కుతాది, దీన్నుంచి కన్ను తీయొద్దు అన్నాడు. మొజాయిక్ బంగళాల్లో నేలకి వేస్తారప్పా, చెట్టుకి కాదు అని పంపించేస్తి."

తడిక దగ్గరినుంచి వదిన గొంతు ఖంగుమంది. "అప్పా! నీ తోటలోకి ఆడగాలే సోకలేదంటివే. మరి ఆ చెట్టుని ముట్టులో తాకింది నువ్వా?"

మునివెంకటప్ప మీసం మీదినుంచి చెయ్యి దించాడు. కొమ్మ ఒకటి కోసి తెచ్చి తడిక మీదుగా వదినకిచ్చాడు. "మా ఊరికొచ్చి ఈ మాట చెప్తావా?" అంటే మాత్రం, "నా యాపారం పోతాదమ్మా," అని మొహం తిప్పుకున్నాడు. "నేను లోపల అడుగు పెట్టుంటే ఈ చెట్టు జబ్బూ నా నెత్తినే పడుండును," అని గొణుక్కుంటూ వదిన కొమ్మను తడిగుడ్డలో చుట్టింది.

ఆ రాత్రి సత్రంలో దిగాం. మురుగమల్ల దర్గాకు పోయేవాళ్ళతో నిండిపోయి, వసారాలో చోటు దొరికింది. తెల్లారి మళ్ళీ రైలు, మళ్ళీ పొగ బస్సు. పేరేసంద్ర దగ్గర బస్సు తోసి ఎక్కేసరికి వదిన ఒళ్ళో మొగ్గ విచ్చుకుని ఉంది. నిండు ఎరుపు.

"ఆకు మీద మచ్చయితే పూవుకేమి?" అంది. "నేను చెట్లు పీకను. వాటినుంచి కన్ను తీయను, అంతే." తర్వాత నా చెవి దగ్గరికి వంగింది. "మరిదీ, మొన్న సాయంత్రమే నేను బయట కూర్చోవాల్సింది. కూర్చుంటే బస్సు పోతాదని ఎవరికీ చెప్పలే."

నేను కుండీ వైపు చూశాను. ఇంటినుంచి ఇప్పటిదాకా అది ఆమె చేతులు దాటలేదు. పూవు నిక్షేపంగా నవ్వుతోంది.

"రాస్తావుగా, ఇది కూడా రాయి," అంది. రాశాను.

బాగేపల్లిలో దిగేసరికి చీకటి పడుతోంది. అంగడి అరుగు మీద, పనిమీద వచ్చిన మా శ్యానభోగులు. "ఏమ్మా గంగమ్మా, చెట్లు పీకినావా?"

"లేదు సామీ. ఆడది అడుగు పెట్టని మడితోటనుంచి కొమ్మ తెచ్చినాను, చూడండి," అంటూ వదిన చెయ్యి చాచింది. ఆయన రెండు చేతులా అందుకున్నారు. దీపం దగ్గర తిప్పి తిప్పి చూశారు. "అబ్బ, జరీ మాదిరి ఎంత బాగుండాది!" అన్నారు. అన్నాక గీతలు గుర్తుపట్టి, కొమ్మను దీపానికి దూరంగా జరిపారు.

"పూలు కావాలంటే తోట దగ్గరికి మనిషిని పంపించండి. నేను అక్కడే ఉంటా," అంది వదిన, కుండీలో పూవు కోసి కొప్పులో పెట్టుకుంటూ.

ఆయన చేతిలో కొమ్మ వాడలేదు. ఆయన చేతులూ ఊడిపోలేదు. దగ్గరుండి చూశాను కాబట్టి చెబుతున్నాను.