విజిల్ మాస్టారి జువ్విగుబురు

ముప్ఫై ఏళ్లు బడిపిల్లల్ని వరుసలో నిలబెట్టిన డ్రిల్లు మాస్టారికి రిటైరయ్యాక నిలబెట్టడానికి ఎవరూ దొరకలేదు. అందరూ ఆయన్ని విజిల్ మాస్టారనేవారు. భార్య కుట్టుమిషను ముందునుంచి లేవదు, కూతురు ఫోనెత్తదు. అందుకని ఐదు జువ్విమొక్కల్ని పట్టుకొచ్చారు.

ఐదింటినీ మొదళ్ల దగ్గర చేర్చి కట్టి పళ్లెంలాంటి కుండీలో నాటితే, కొన్నేళ్లకు కాండాలు అతుక్కుని ఒకే వేరునుంచి లేచిన గుబురవుతాయట. ఈ బోన్సాయ్ విద్య గురించి ఆయన చదివింది అరపేజీ. ఉపన్యాసం మాత్రం పైవాటా వాళ్లకీ, కిందివాటా వాళ్లకీ, చివరికి పాలు పోసేవాడికీ తప్పలేదు. క్రమశిక్షణలో పెడితే చెట్టయినా మాట వింటుందని సారాంశం.

ఇనుపతీగతో పీక నులిమినట్టు బిగించారు. రెండు నెలలకు తీగ బెరడులోకి దిగింది, ఆకులు పండబారాయి. మొక్కలకే పొగరని తేల్చి, ఇంకో చుట్టు బిగించి, మోకాలి ఆపరేషనుకని ఆస్పత్రిలో చేరారు.

ఆయన లేని పదిరోజుల్లో భార్య తీగ కత్తిరించి పారేసింది. అప్పటికే చచ్చినదాన్ని పీకి కొత్తది పెట్టి, పువ్వుల లైనింగుగుడ్డ పేలికలతో మెత్తగా కట్టి, పైన నాచు కప్పింది. తర్వాత రెండు నెలలకోసారి విప్పి వదులు చేస్తూనే ఉంది. వంగి చూసే యోగం ఆయన మోకాలికి లేకపోయింది. చిగుళ్లు చూసి మురిసి, బిగిస్తే దారికొచ్చాయన్నారు. ఆవిడ సూదిలో దారం ఎక్కించుకుంది.

మూడేళ్లకు మొక్కల ప్రదర్శనలో ఆ గుబురుకి రెండో బహుమతి. మాస్టారు తీగ మహిమ వర్ణిస్తుంటే, న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దావిడ నాచు పక్కకి తోసింది.

"ఇది తీగ కాదే. గుడ్డ."

అదే పువ్వుల గుడ్డ, పక్కన నిలబడ్డ భార్య చేతిసంచీ అంచుకీ ఉంది. పెద్దావిడ ఆయన్ని దాటి భార్యవైపు తిరిగి, ఎన్నాళ్లకోసారి వదులు చేసిందీ, ఏ మట్టి వేసిందీ అడిగి, సర్టిఫికెట్టు మీద ఆయన పేరు కొట్టేసి ఆవిడ పేరు రాసింది.

ఇంటికెళ్లే బస్సులో మాస్టారు భార్యని అడిగారు. "మూడేళ్లూ నాతో ఒక్క మాటయినా అనలేదేం?"

"అంటే మళ్లీ తీగ కట్టేవారుగా."

ఆయన మనసులో లెక్క వేసుకున్నారు. నిజమే, కట్టేవారు.

ఇప్పుడు వారానికోసారి నలుగురు ఆడవాళ్లు ఆవిడ దగ్గర మొక్కలు కట్టడం నేర్చుకోవడానికి వస్తున్నారు. మాస్టారు వసారాలో మట్టి జల్లిస్తారు. ఎవరైనా పలకరిస్తే, ఆ కుండీ ఎంపిక మాత్రం పూర్తిగా తనదేనని చెబుతారు.