వత్తి ఆరిపోయాక

అగరువత్తుల కార్ఖానాలో ఆయన్ని అందరూ ముక్కు మేస్త్రి అనేవారు. అసలు పేరు ఎంతమందికి తెలుసో అనుమానమే. ఇరవై ఆరేళ్లుగా ఆయన పని గంధం మసాలా కలపడం. గంధం పొడి, జిగురు బెరడు పొడి, చెట్టు బంక, కాస్త తేనె, అన్నీ పెద్ద పళ్లెంలో వేసి మోచేతుల దాకా ముంచి పిసికి, ముద్ద చేసి చుట్టేవాళ్లకు అందించాలి. బొగ్గు పుల్లల్ని సెంటు నూనెలో ముంచి ఆరబెట్టి అమ్ముకునేవాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట. "అది వత్తి కాదు, సెంటు పూసుకున్న చీపురు పుల్ల" అనేవాడు.

ప్రతి ముద్దలోంచీ ఒక వత్తి చుట్టించి, ఆరాక, వెనక ఉన్న చిన్న గదిలో తలుపులు మూసి వెలిగించేవాడు. కాలుతున్నంతసేపూ లోపలికి పోడు. వత్తి ఆరిపోయాక గ్లాసెడు నీళ్లు తాగి, పావుగంట ఆగి, అప్పుడు తలుపు తీసేవాడు. "పొగలో ఏదైనా బాగానే ఉంటుందయ్యా. పొగ పోయాక గదిలో ఏం మిగిలిందో అదీ మన సరుకు." మిగిలింది గంధమైతే తలూపేవాడు. మాడు వాసన ఇసుమంత తగిలినా ముద్దంతా పారబోయించేవాడు. ఎవరైనా నోరెత్తితే ఒకటే మాట: "ముక్కు నాదా, నీదా?"

ప్యాకింగ్‌లో ఒకమ్మాయి ఉండేది. నోరు మూతపడదని అందరూ రేడియో అనేవారు. ఆ పిల్ల ఒకసారి "మేస్త్రిగారూ, ఇవాళ తేనె కాస్త ఎక్కువైనట్టుందండీ" అంది. పదిమంది ముందూ ఆ పిల్లను కడిగిపారేశాడు. తేనె నిజంగానే ఎక్కువైంది. అది ఆయనకూ తెలుసు. ఆ రోజు నుంచీ మేస్త్రి కనబడితే రేడియో ఆగిపోయేది.

తర్వాత జ్వరం వచ్చింది. ఆయనా, భార్యా ఒకే మంచం మీద పక్కపక్కన పది రోజులు పడి ఉన్నారు. లేచి పనిలోకి వెళ్లి గంధం డబ్బా మూత తీశాడు. ఏమీ లేదు. మొహం డబ్బాలోకి దూర్చి పీల్చాడు. పొడి ముక్కులోకి పోయి తుమ్ములొచ్చాయి గానీ వాసన లేదు. వారం చూశాడు, నెల చూశాడు. చేతులు పోయినా ఇంత కుంగిపోయేవాడు కాదేమో. ఆ ముక్కు తప్ప తనకంటూ ఏమీ లేదు పాపం, మర్యాదా అదే, కోపమూ అదే.

భార్యకు మాత్రం చెప్పాడు. "ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే నన్నో మూల కూర్చోబెడతారు. ఇకనుంచి నీ ముక్కే నాకు దిక్కు."

ఆమె మడిచిన దుప్పటినే విప్పి మళ్లీ మడిచింది. "సరేలెండి" అంది చివరికి.

ఆనాటి నుంచి కార్ఖానా గదిలో ఉత్తుత్తి పరీక్ష చేసి, రోజూ సాయంత్రం జేబులో ఒక వత్తి ఇంటికి తెచ్చేవాడు. వెలిగించి ఇద్దరూ అరుగు మీదికి వెళ్లి కూర్చునేవారు. పావుగంటయ్యాక ఆమె ఒక్కతే లోపలికి వెళ్లొచ్చేది. "గంధం నిలబడిందండీ" అనేది. ఒక్కోరోజు "తేనె ఓ పిసరు తగ్గిస్తే మేలు" అనేది. ఇరవై ఆరేళ్లు ఆయన మాటలు విన్న మనిషి కదా, అచ్చం ఆయనలాగే చెప్పేది. ఆయన ప్రాణం కుదుటపడేది.

ఆమధ్య కొత్తచోటి నుంచి గంధం పొడి బస్తాలు దిగాయి. పిసుకుతుంటే వేళ్లకు గరుగ్గా తగిలింది, రంపపు పొట్టులాగా. పిడికెడు తీసి వెలుతురులో పట్టి చూశాడు. సాయంత్రం భార్య లోపలికి వెళ్లొచ్చి "బాగుందండీ, ఎప్పటిలాగే" అంది. తన వేళ్లను పక్కనపెట్టి ఆమె మాటే నమ్మాడు. ఆ బస్తాలతోనే మూడు నెలలు సరుకు వెళ్లింది.

ఒక ఆదివారం పొద్దున ఇద్దరూ టీ తాగుతుంటే పక్కవాటా పిన్ని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏంటమ్మా ఈ కంపు! మీ ఇంట్లో ఎలకేదో చచ్చినట్టుంది. రెండ్రోజుల్నుంచి మాకు అన్నం దిగట్లేదు, మీరు హాయిగా టీలెలా తాగుతున్నారు?"

పిన్ని చెంబుల బల్ల కిందికి వంగి చూపించింది. ఎలుక ఉబ్బిపోయి, పురుగులు పట్టి ఉంది. టీ గ్లాసు పట్టుకుని కూర్చున్న ఇల్లాలికి మూరెడు దూరం లేదు.

మేస్త్రి భార్య వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

"పైగా ఆ వత్తులొకటి" అని పిన్ని అందుకుంది. "ఏమనుకుంటారోనని చెప్పలేదు గానీ, ఈమధ్య కాలిన గోనెసంచి వాసనేస్తున్నాయి."

పిన్ని వెళ్లాక ఆయన ఎలుకను చేటలోకెత్తి బయట పారేసొచ్చి అడిగాడు. "ఎప్పటినుంచి?"

"మీకు పోయినప్పుడే నాకూ పోయింది."

"మరి చెప్పవేం?"

"నీ ముక్కే దిక్కన్నారు కదండీ. అదీ లేదంటే మీరేమైపోతారోనని భయమేసింది." ఆమె ఏడ్చింది. ఆయనకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది.

మర్నాడు తిన్నగా ప్యాకింగ్ బల్ల దగ్గరికి వెళ్లి రేడియో ముందు ఒక కట్ట పెట్టాడు.

"ఎలా ఉందో నిజం చెప్పమ్మా."

ఆ పిల్ల అటూ ఇటూ చూసింది. "గంధం లేదండీ. కాలితే చెత్త కాలినట్టే. మా అందరికీ ఎప్పుడో తెలుసు."

"ఒక్కళ్లయినా నాతో అనలేదే!"

"ముక్కు నాదా నీదా అంటారు కదండీ."

ఆ పిల్ల ఎత్తిపొడవడానికి అనలేదు. ఉన్నమాట అంది. మేస్త్రి వెళ్లి యజమానికి అంతా చెప్పేశాడు. యజమాని అరవలేదు, తిట్టలేదు. ఆ బస్తాలు పక్కన పెట్టించి, ఆయన్ని పుల్లలు ఏరే పనిలో కూర్చోబెట్టి, పరీక్ష గది రేడియోకు అప్పజెప్పాడు.

మొదటిరోజు ఆ పిల్ల ఆయన నేర్పినట్టే చేసింది. తలుపులు మూసి వత్తి వెలిగించింది, నీళ్లు తాగింది, పావుగంట ఆగి లోపలికి వెళ్లింది. మేస్త్రి ఏరుతున్న పుల్లలు ఒళ్లో పెట్టుకుని గుమ్మం దగ్గరే కూర్చున్నాడు. ఆమె బయటికి రాగానే లేచి నిలబడ్డాడు.

"ఎలా ఉందమ్మా?"

ఆమె ఆయన మొహం చూసి, ఒక క్షణం ఆగింది.

"బాగుంది మేస్త్రిగారూ. గంధం నిలబడింది."

అచ్చం ఇంట్లో విన్నమాటే. నిజం చెప్పిందో జాలిపడిందో ఆయనకు తెలిసే దారి లేదు. తెరిచి ఉన్న గదిలోకి వెళ్లి గట్టిగా ఊపిరి పీల్చాడు. తర్వాత బయటికొచ్చి పుల్లలు ఏరుకున్నాడు.