వడ్డీ ఫినాయిలు

దస్తగిరికి వడ్డీ అంటే రోత. ఆ మాట వింటేనే టీలో బొద్దింక కాలు కనపడ్డట్టు మొహం పెట్టేవాడు. రాయచోటి నుంచి వచ్చి, దోహాలో మదీనత్ ఖలీఫాలోని ఒక విల్లాకు డ్రైవరుగా కుదిరాడు. ఊళ్ళో బ్యాంకు మాత్రం వద్దన్నా వినకుండా ఆయన ఖాతాలో ఏటా వడ్డీ వేసేది. ఆ సొమ్ము తినకూడదు. పుణ్యం ఆశించి దానమూ చేయకూడదు. మరుగుదొడ్లకు ఖర్చుపెట్టి వదిలించుకోవడం వాళ్ళ పెద్దల పద్ధతి. అందుకని దస్తగిరి ఆ డబ్బుతో విల్లా వెనక పనివాళ్ళ బాత్రూముకు ఫినాయిలు, బ్లీచింగు, చీపుళ్ళు కొనేవాడు.

చిక్కు అక్కడే వచ్చింది. ఆ బాత్రూముకు తను వెళితే వడ్డీ అనుభవించినట్టే కదా! అందుకే దాన్ని వంటమనిషి దానియేలుకు వదిలేసి, తను ఎండలో వీధి చివర మసీదు దాకా నడిచేవాడు. అక్కడి మరుగుదొడ్లు నమాజు వేళల్లోనే తెరుస్తారు. పాపం, ఆయన కడుపు కూడా ఆ వేళలు నేర్చుకుంది.

"మా రాజోలులో ఎమ్మెల్యే గారికీ ఇలాంటి బాత్రూమ్ లేదండీ భాయ్‌గారూ, ఆయ్!" అనేవాడు దానియేలు లోపలినుంచి, పాట ఆపి.

చివరికి దస్తగిరి పొదుపంతా దోహాలోనే ఒక ఇస్లామిక్ బ్యాంకుకు మార్చాడు. అక్కడ వడ్డీ ఉండదు. మన సొమ్ము వ్యాపారంలో పెట్టి లాభంలో వాటా ఇస్తారు. మొదటి లాభం రాగానే కొత్త ఫినాయిలు సీసా కొన్నాడు. పొట్టేలు బిర్యానీ వండించి దానియేలుకు తనే వడ్డించాడు. "ఇంక నా బాత్రూముకు నేనే రాజునప్పా!"

"నూటికెంత పడిందండీ?" అన్నాడు దానియేలు, ఎముక చీకుతూ.

దస్తగిరి గర్వంగా చెప్పాడు.

"ఇక్కడ నా మామూలు బ్యాంకోడు వడ్డీ కూడా అంతే ఇచ్చాడండీ. పూసంత తేడా లేదండీ."

దస్తగిరి చేతిలో ముద్ద పళ్ళెంలోకి వదిలేశాడు.

మర్నాడు పొద్దున కడుపు గుడగుడమంటుండగానే బ్యాంకుకు పరుగెత్తాడు. కౌంటర్లో ఉన్న నిజామాబాద్ కుర్రాడు హమీదుద్దీన్ ఓపిగ్గా చెప్పాడు: "వడ్డీ అయితే ముందే ఖాయం, చాచా. ఇది అట్ల కాదు. లాభమొస్తే పంచుకుంటం, నష్టమొస్తే మీ పైసలు గూడ పోతయి."

"ఎప్పుడన్నా పోయినాయా?"

"అల్‌హందులిల్లా, ఎన్నడు పోలే!"

ఇంత శుభవార్తకు మొహం ముడుచుకున్న ఖాతాదారును హమీదుద్దీన్ చూసి ఉండడు. "ఒక్క రియాలన్నా నష్టం చూపియ్యి నాయనా, హాయిగా తింటాను," అని బతిమాలాడు దస్తగిరి.

తిరిగొచ్చేసరికి బిర్యానీ తిరగబడింది. మసీదు దగ్గర కారాపితే దొడ్లకు తాళం. చెమటలు కక్కుతూ విల్లా వెనక్కి పరుగెత్తి తలుపు బాదాడు.

"ఒరే దానియేలూ, బయటికి రారా సామీ! ఈ పొద్దు కడిగింది ఏ ఫినాయిలుతో? పాతదా, కొత్తదా?"

"రెండూ కలిపేశానండీ, సీసాలు అడ్డంగా ఉన్నాయని."

తలుపు తెరుచుకోగానే దస్తగిరి దానియేలును పక్కకు నెట్టి లోపలికి దూరాడు. ఛీ, ఛీ అనుకుంటూనే కూర్చున్నాడు. నేల అద్దంలా ఉంది. నిమ్మకాయ వాసన చల్లగా ముక్కుకు తగిలింది. తనకు తెలియకుండానే హాయిగా ఒక పెద్ద నిట్టూర్పు విడిచాడు.

బయట దానియేలు కిసుక్కున నవ్వాడు. వడ్డీకన్నా, లాభంకన్నా, దస్తగిరికి ఎక్కువ రోత పుట్టించింది ఆ నిట్టూర్పే.