అరచేయంత సందు

నేను సైట్ ఇంజనీరుగా ఉన్నప్పటి మా కాంట్రాక్టరును తలచుకుంటే ముందు ఆయన అరచేయి గుర్తొస్తుంది. ఐటీ టవర్లకు జనరేటర్లు మోసే ట్రైలర్ హఫీజ్‌పేట్ దగ్గర రైలు వంతెన కిందికి రాగానే, ఆయన పైకెక్కి జనరేటరుకూ వంతెన దూలానికీ మధ్య అరచేయి పెట్టి చూసేవాడు. పట్టకపోతే కూలీలను ట్రైలర్ ఎక్కించేవాడు. వాళ్ల బరువుకు స్ప్రింగులు కుంగి ఆ కాస్త సందు దొరికేది. వాళ్లను ఆయన పేర్లతో పిలవగా నేనెప్పుడూ వినలేదు. "బరువులూ, ఎక్కుండ్రి!" అనేవాడు.

ఒక మిట్టమధ్యాహ్నం కూలీలను ఎక్కించుకున్న బండి వంతెన కింద సగం దూరాక ఆపించి, మళ్లీ చేయి పెట్టాడు. కూలీల్లో పెద్దామె, "సారూ, గొంతెండుతుంది. జర దిగి నీళ్లు తాగొస్తం" అంది.

"బరువుకు దూపేంది? చాతగాకుంటే అందరు దిగుండ్రి!"

అందరూ దిగిపోయారు. స్ప్రింగులు లేచాయి. ఆయన అరచేయి దూలం కింద ఇరుక్కుపోయింది.

"ఎక్కుండ్రి! జల్ది ఎక్కుండ్రి!" అని గావుకేకలు పెట్టాడు.

పెద్దామె తీరిగ్గా నీళ్లు తాగి మూతి తుడుచుకుంది.

"బరువులం గద సారూ, మేమెట్ల ఎక్కుతం? ఎవరన్న ఎత్తాలె" అని సీసా పక్కామెకు అందించింది.